వీలునామా చుట్టూ రెండు హత్యా చిత్రాలు

సంక్రాంతికి తిరుపతిలోని మా ఇంట బంధువులందరూ చేరినప్పుడు, వారసులు ఒకే భవనంలో గుమిగూడే హత్యా కథల్లో రెండింటిని చూశాము. అవి పాల్ లెనీ 1927లో తీసిన మూకీ చిత్రం ‘ది క్యాట్ అండ్ ది కెనరీ’, రయాన్ జాన్సన్ 2019లో తీసిన ‘నైవ్స్ ఔట్’.

మొదటిదానిలో, యజమాని పోయిన 20 ఏళ్లకు అర్ధరాత్రి వీలునామా విప్పుతారు. ఆస్తి దక్కిన యువతికి మతి స్థిమితంగా ఉందని వైద్యుడు నిర్ధారించాలి. ఆమె నిద్రిస్తుండగా గోడలోంచి పొడవాటి గోళ్ల చెయ్యి మెల్లగా దిగి మెడలోని హారాన్ని లాక్కుంటుంటే, మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే ఆ భయమంతా భవనానిది; మనుషులు మాత్రం మనసులో నిలవరు.

‘నైవ్స్ ఔట్’లో నిలిచేది మనుషులే. చనిపోయిన ఇంటి పెద్ద కుటుంబీకులు ఆయన నర్సు మార్టాను మా ఇంటి మనిషివేనంటూనే, ఆమెది ఏ దేశమో ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. ఆస్తంతా ఆమెకే రాసి ఉందని వినగానే ఆ ఆప్యాయత ఆవిరైపోతుంది. చిత్తూరు దగ్గరి మామిడి తోట పంపకాల్లో అన్నదమ్ములు మాటలు మానుకోవడం కళ్లారా చూసినదాన్ని కనుక, నా ఓటు నిస్సంకోచంగా దీనికే. దీపాలార్పి భయపడాలనుకునే పిల్లలకు మాత్రం మూకీ చిత్రమే పెట్టండి.