గుండెలో చిల్లు ఉందన్నారు: ఆగాలా, బటన్ వేయించాలా, ఆపరేషనా? ఏది మేలు?

పుట్టిన బిడ్డకి ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండెలో చిల్లు ఉందని చెప్పగానే ఇంట్లో పార్టీలు తయారవుతాయి. ఒకరు "అదే పూడుకుపోతుందట, ఫలానావాళ్ల అబ్బాయికీ ఇలాగే అన్నారు" అంటారు, ఇంకొకరు "ఇవాళే హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించేద్దాం" అంటారు, మధ్యలో ఎవరో ఫోన్‌లో చూసి "కోత లేకుండా కాలి నరంలోంచి బటన్ పెడతారంట కదా, అది చేయించండి" అంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే. వేర్వేరు చిల్లుల గురించి మాట్లాడుతున్నారు, అంతే. మా చిన్నదానికి పెద్ద చిల్లు ఉండి ఆపరేషన్ అయింది, మా ఆడపడుచు కొడుక్కి చిన్నది ఉండి దానంతట అదే పూడుకుపోయింది, కాబట్టి రెండు వైపుల టెన్షనూ దగ్గర్నుంచి చూసి రాస్తున్నాను. డాక్టర్ని కాదు. మీ బిడ్డ సంగతి తేల్చేది పిల్లల గుండె డాక్టరే, ఇది ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి.

ముందు బాలింత గురించి ఒక మాట. పుట్టే పిల్లల్లో సుమారు నూటికి ఒకరికి గుండె తయారీలో ఏదో ఒక తేడా ఉంటుంది, అందులో ఎక్కువగా కనిపించేది కింది గదుల మధ్య గోడలో చిల్లు, వీఎస్‌డీ అంటారు దాన్నే. నెల తప్పిన సంగతి చుట్టాలందరికీ చేరేలోపే, ఎనిమిదో వారం దాటేసరికే, గుండె గదులూ గోడలూ ఏర్పడిపోతాయి. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, బొప్పాయి ముక్క తిందనో, స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లిందనో ఆ పిల్లని సాధించడం ఆపండి దయచేసి. మొదటి నెలల్లో రుబెల్లా సోకడం, అదుపులో లేని షుగర్, కొన్ని రకాల ఫిట్స్ మందులు, మేనరికం లాంటివి అవకాశాన్ని కొంత పెంచుతాయి గానీ, ఎక్కువమంది పిల్లల్లో ఇదీ కారణం అని చూపించడానికి ఏమీ దొరకదు.

ఇక మొదటి దారి. ఆగమని డాక్టర్ చెబితే చాలామందికి అది శుభవార్తలా వినిపించదు, సరిగా చూడలేదేమో, ఇంకా పెద్దాసుపత్రికి వెళ్లాలేమో అనిపిస్తుంది. నిజానికి మూడు దారుల్లో అందరూ కోరుకోవాల్సింది ఇదే. వీఎస్‌డీ చిన్నదై, గోడలో కండ ఉన్న భాగంలో ఉంటే, అంటే రిపోర్టులో మస్క్యులర్ అని రాసి ఉంటే, బిడ్డ పెరిగేకొద్దీ చాలావరకు మొదటి రెండేళ్లలోనే పూడుకుపోతుంది. పై గదుల మధ్య ఉండే ఏఎస్‌డీ కూడా పుట్టినప్పుడు 3, 4 మిల్లీమీటర్లు ఉంటే మూసుకుపోయే అవకాశమే ఎక్కువ, 8 దాటితే ఆ ఆశ బాగా తక్కువ. రిపోర్టులో పీఎఫ్‌ఓ అన్న మూడక్షరాలు చూసి రాత్రంతా ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. కడుపులో ఉండగా ప్రతి బిడ్డకీ పై గదుల మధ్య ఉండే దారి అది, పెద్దవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికి సన్నగా తెరుచుకునే ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇంకో భయం శబ్దం గురించి: "స్టెత్ పెడితే గట్టిగా వినిపిస్తోందన్నారు, అంటే పెద్ద చిల్లేగా?" తరచుగా అది తిరగబడే లెక్క. నీళ్ల పైపు మూతి వేలితో సగం నొక్కితే చప్పుడు పెరిగినట్టు, చిన్న చిల్లులోంచి రక్తం జోరుగా దూరినప్పుడే గట్టిగా వినిపిస్తుంది. పెద్ద చిల్లు పెద్దగా చప్పుడు లేకుండానే పని చెడగొట్టగలదు.

ఆగేటప్పుడు ఇంట్లో పని మాత్రం ఉంటుంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి కాబట్టి చిల్లు పెద్దదైనా బిడ్డ బాగానే కనిపిస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అవి వదులవుతాయి, చిల్లులోంచి ఊపిరితిత్తులకి వెళ్లే రక్తం పెరుగుతుంది. డిశ్చార్జ్ రోజున చక్కగా ఉన్న బిడ్డ రెండో నెలలో పాలు తాగుతూ తాగుతూ అలిసి వదిలేయడం, నుదుటి మీద చెమటలు పట్టడం, డొక్కలు ఎగరేయడం, మాటిమాటికీ నిమ్ము చేయడం ఇందుకే. వీటన్నిటికంటే నేను ఎక్కువ నమ్మేది తూకాన్ని. పాలు ఎంత తాగిందన్నది అమ్మమ్మ ఒకలా చెబుతుంది, నాన్నమ్మ ఒకలా చెబుతుంది, కానీ ప్రతివారం ఒకే మిషన్ మీద తూచి రాసుకున్న అంకె అబద్ధం చెప్పదు. ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపే లాసిక్స్ లాంటి చుక్కలు ఇస్తారు, అవి చిల్లుని మూయవు. గుండె మీద భారం తగ్గించి, బిడ్డ పాలు తాగి బరువు పెరగడానికి వీలు కల్పిస్తాయి. అవి వేస్తున్నాం కదా, నయమైపోతుంది అనుకుని చెకప్ మానేసేవాళ్లున్నారు. "గుండె జబ్బు పిల్ల, సూదులెందుకు" అని టీకాలు మానేసేవాళ్లూ ఉన్నారు, అసలు ఈ పిల్లలకే నిమోనియా టీకా ఎక్కువ అవసరం.

డాక్టర్ ఆగమన్నాక ఆగడం వేరు, మనంతట మనం "కాస్త పెద్దయ్యాక చూద్దాంలే, పది కేజీలు వచ్చాక చూద్దాంలే" అని ఆగడం వేరు. ఈ రెండోది నా లెక్కలో అన్నిటికంటే చెడ్డ దారి, అసలు పోటీలోనే లేదు. పెద్ద వీఎస్‌డీని అలా వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు ఆ ఒత్తిడికి మందమైపోయి శాశ్వతంగా బిగుసుకుపోతాయి. ఐసెన్‌మెంగర్ అంటారు ఆ స్థితిని, అక్కడిదాకా వచ్చాక చిల్లు మూస్తే మేలు కంటే కీడే ఎక్కువ, కాబట్టి సర్జన్ కూడా చేతులెత్తేస్తాడు. ఇందులో మోసం ఎక్కడుందంటే, కొన్ని నెలలు ఆయాసపడ్డ బిడ్డ మధ్యలో ఒక్కసారిగా తేరుకున్నట్టు కనిపించవచ్చు. చిల్లు చిన్నదైపోయి ఉండొచ్చు, లేదా ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే, ఎకో తీస్తే గానీ తేడా తేలదు. అందుకే పెద్ద చిల్లయితే మూడు నుంచి ఆరు నెలల వయసులోనే ఆపరేషన్ అంటారు, "ఇంత పసిగుడ్డుకా" అని మనకి గుండె జారినా సరే.

బటన్ సంగతికొద్దాం. గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, ఎకో, ఎక్స్‌రే చూసుకుంటూ, నికెల్, టైటానియం కలిపిన తీగతో అల్లిన డివైస్‌ని చిల్లుకి రెండు వైపులా పట్టేలా విప్పుతారు. కొన్నిచోట్ల గొడుగు అని కూడా అంటారు. ఛాతీ మీద కోత ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, సాధారణంగా ఆరు నెలలు ఆస్పిరిన్ వేయమంటారు, ఆలోపు దాని మీద లోపలి పొర పెరిగి గోడలో కలిసిపోతుంది. ఏఎస్‌డీలో సెకండమ్ రకానికి, అంటే గోడ మధ్య భాగంలో ఉండేదానికి, చుట్టూ పట్టు దొరికే అంచులుంటే, నాకు తెలిసి దీన్ని మించింది లేదు. బిడ్డకి ఇబ్బందేమీ లేకపోతే మూడు నుంచి అయిదేళ్ల మధ్య, అంటే బడిలో వేసేముందు చేయిస్తారు. పుట్టాక మూసుకోవాల్సిన నాళం మూసుకోకుండా ఉండిపోయే పీడీఏకి కూడా ఇదే మేలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో 700 గ్రాముల బిడ్డకి కూడా పనికొచ్చే చిన్న డివైస్‌కి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది.

కానీ బటన్ ఎంత ముద్దుగా అనిపించినా అన్నిటికీ పనికిరాదు. ఏఎస్‌డీలో ప్రైమమ్, సైనస్ వీనోసస్ రకాలు గోడ చివర్లలో ఉంటాయి కాబట్టి పట్టు దొరకదు, అవి ఆపరేషన్‌కే వెళ్లాలి. వీఎస్‌డీలో పెరిమెంబ్రనస్ అని, అంటే గోడలో పల్చని పొర ఉన్న చోట అని రాస్తే, గుండె కొట్టుకోవడానికి కరెంటు నడిచే దారి ఆ చిల్లు అంచునే ఉంటుంది, డివైస్ దాన్ని ఒత్తితే ఆ కరెంటు ఆగి గుండె నెమ్మదించే హార్ట్ బ్లాక్ వచ్చే ప్రమాదం ఉంది. చేయరని కాదు, చేస్తారు, బిడ్డ బరువూ చిల్లు ఆకారమూ చూసి ఎంచి చేస్తారు. అరుదుగా డివైస్ జారిపోయి మళ్లీ తీయాల్సి రావచ్చు, అందుకే వెనకాల సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి. ఒక డాక్టర్ బటన్ కుదరదంటే కుదురుతుందనేవాళ్లు దొరికేదాకా ఊరూరా తిరగడం మాత్రం నాకు నచ్చదు. రెండో అభిప్రాయం తీసుకోండి, అయిదోది అక్కర్లేదు.

ఓపెన్ హార్ట్ అన్న మాటకే సగం ప్రాణం పోతుంది కదా. ఎముక కోసి, గుండె ఆపి, మిషన్ మీద రక్తం తిప్పి, చిల్లుకి ప్యాచ్ వేసి కుట్టడం. ఈ భయం పోవడానికి నాకు పనికొచ్చింది 1954 నాటి సంగతి. అప్పటికి పసిపిల్లలకి పనికొచ్చే హార్ట్ లంగ్ మిషన్ సరిగా కుదరలేదు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో లిల్లిహై అనే సర్జన్ తండ్రిని పక్క బల్ల మీద పడుకోబెట్టి, ఆయన రక్తనాళాల్ని బిడ్డ రక్తనాళాలకి కలిపి, ఆ కాసేపూ తండ్రి గుండె, ఊపిరితిత్తులే బిడ్డకీ పనిచేసేలా చేసి వీఎస్‌డీ మూశాడు. ఆ మొదటి బిడ్డ కొన్నాళ్లకే నిమోనియాతో పోయాడు. అయినా ఆ పద్ధతిలో చేసిన 45 మందిలో 28 మంది బతికి ఇంటికెళ్లారు, అంతకుముందు వాళ్లకి ఏ దారీ లేదు. అదే వీఎస్‌డీ ఆపరేషన్‌లో ఇవాళ అనుభవమున్న సెంటర్లలో ప్రాణాపాయం నూటికి ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. శాశ్వతంగా హార్ట్ బ్లాక్ వచ్చి పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం కూడా అరుదే. చిల్లు ఒక్కటే సమస్య అయితే మామూలుగా వారం పది రోజుల్లో ఇంటికొస్తారు. ఐసీయూలో అన్ని పైపుల మధ్య బిడ్డని మొదటిసారి చూడటం కష్టం, అది ఎవరు ఎంత చెప్పినా తగ్గదు. తర్వాత ఆరు వారాలు ఎముక అతికేదాకా చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, మెడ కిందా పిరుదుల కిందా చేతులు వేసి ఎత్తాలి. నలుగు పెట్టి కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించే మామ్మలకి ఈ ముక్క రెండుసార్లు చెప్పండి.

ఆడపిల్ల అయితే మచ్చ గొడవ వస్తుంది. "రేపు పెళ్లెలా, అందుకే బటనే కావాలి" అని డాక్టర్‌తో వాదించేవాళ్లున్నారు, ఇంకా ఘోరం, మచ్చ పడుతుందని వాయిదా వేసేవాళ్లున్నారు. లెక్క ఇలా వేసుకోండి. సకాలంలో చిల్లు మూయించుకున్న అమ్మాయి పెద్దయ్యాక సాధారణంగా అందరిలాగే పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటుంది. పెద్ద చిల్లు వదిలేసి ఐసెన్‌మెంగర్‌దాకా వచ్చిన అమ్మాయికి గర్భమే ప్రాణాంతకం. మచ్చ మరీ బెంగ అయితే కొన్ని సెంటర్లలో ఏఎస్‌డీకీ కొన్ని వీఎస్‌డీలకీ కుడి చంక కింద కోసి చేస్తారు, అడగండి. కుదరదంటే నడిమి కోతకే సై అనండి.

వీటిలో ఏదీ ఎంచుకునే వ్యవధి లేని పిల్లలూ ఉంటారు. పెద్ద రక్తనాళాలు రెండూ తారుమారై పుట్టి నీలం పడే బిడ్డకి, పీడీఏ నాళం మూసుకోకుండా ఉంచే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టి, మొదటి రెండు మూడు వారాల్లోనే ఆపరేషన్ చేయాలి, అక్కడ చర్చ లేదు, అంబులెన్సే. టెట్రాలజీ (వీఎస్‌డీతో పాటు ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉండే జబ్బు) అని చెప్పిన బిడ్డకి మధ్యలో నీలం అటాక్ వస్తే మోకాళ్లు రొమ్ముకి ఆనించి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆపరేషన్ అయ్యాక వీళ్లలోనూ ఎక్కువమంది బడికెళ్లి ఆడుకునే పిల్లలే, చెకప్‌లు మాత్రం జీవితాంతం ఉంటాయి.

డబ్బు సంగతిలో కూడా తేల్చుకోవాలి. దగ్గర్లో డబ్బు కట్టే కార్పొరేట్ ఆసుపత్రా, దూరంలో ఉచితంగా చేసేదా? పిల్లల గుండె ఆపరేషన్లు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలోనూ, తెలంగాణలో ఆరోగ్యశ్రీలోనూ ఉన్నాయి. ఇవి కాక తిరుపతిలో టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం, 1991 నుంచి ఉన్న పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి, సిద్దిపేట దగ్గర కొండపాకలో పిల్లల గుండెకే పెట్టిన సంజీవని ఉన్నాయి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్ ఉంది. అంగన్‌వాడీకీ బడికీ వచ్చి పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ఉన్న ప్రభుత్వ పథకం) టీమ్ కూడా పెద్దాసుపత్రికి పంపిస్తుంది. ఆగగలిగిన ఏఎస్‌డీకి ఉచిత ఆసుపత్రి క్యూలో కొన్ని నెలలు నిలబడినా నష్టం లేదు, బంగారం తాకట్టు పెట్టక్కర్లేదు. బరువు పెరగని మూడు నెలల బిడ్డకి క్యూ ఎంత పొడవో ముందే అడగండి, తేదీ దూరంగా ఇస్తే ఇంకోచోట కూడా పేరు రాయించండి. ఎక్కడైనా సరే, భవనం ఎంత పెద్దదో చూడకండి. పిల్లల గుండెకి విడిగా సర్జన్, మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్నాయా, మీ బిడ్డ బరువున్న పిల్లలకి ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగండి. మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్న అడిగితే కోపం రాదు.

చివరికి అందరూ గుసగుసగా అడిగేది, రెండో బిడ్డకీ వస్తుందా అని. మామూలుగా నూటికి ఒకరికి ఉండేది, ఒక బిడ్డకి ఉన్నాక తర్వాతి బిడ్డకి నూటికి రెండు నుంచి అయిదు దాకా పెరుగుతుంది. అంటే నూటికి కనీసం తొంభై అయిదుగురికి ఏమీ ఉండదు. నెల తప్పగానే మొదటి బిడ్డ రిపోర్టులు డాక్టర్‌కి చూపించి, 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెకి తీసే స్కానింగ్, రాయించుకోండి.