గుర్రం పేగు ఆపరేషన్: చేతి కుట్టా, స్టేప్లరా?

గుర్రానికి వాంతి రాదు. చిన్నపేగులో దారి మూసుకుపోతే ద్రవమంతా వెనక్కొచ్చి జీర్ణాశయంలో నిండుతుంది. ముక్కులోంచి గొట్టం వేసి తీయకపోతే జీర్ణాశయం పగిలి ప్రాణం పోతుంది. అందుకే చచ్చిపోయిన పేగు ముక్కను కోసి రెండు కొసలూ కలిపేటప్పుడు కుట్టు కారకుండా ఉంటే సరిపోదు. లోపల దారి ఎంత మిగిలిందన్నదీ అంతే ముఖ్యం.

రెండు వరుసల చేతి కుట్టు పాత పద్ధతి. లోపలి పొరకు ఒక వరుస వేసి, దాని మీద పైపొరల్ని లోపలికి మడుస్తూ కుషింగ్ కుట్టు గానీ లెంబర్ట్ కుట్టు గానీ వేస్తారు. బాగా బిగుస్తుంది, లోపలి పొర బయటికి కనపడదు కాబట్టి పక్కన ఉన్న పేగు వచ్చి అతుక్కునే భయం తక్కువ. కానీ మడిచిన కొద్దీ దారి ఇరుకవుతుంది, టైమూ ఎక్కువ పడుతుంది. పిల్ల గుర్రాల సన్నని పేగులో ఆ ఇరుకు మరీ ప్రమాదం.

చిన్నపేగుకు నా ఓటు ఒకే వరుసకు. త్వరగా అవుతుంది, దారి మిగులుతుంది. అయితే ప్రతి కుట్టూ సబ్‌మ్యూకోసాను, అంటే లోపలి పొరను ఆనుకుని ఉండే పొరను, పట్టాలి, ఎందుకంటే దారాన్ని నిలబెట్టే బలం ఆ పొరదే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒకే దారంతో చుట్టూ కుట్టుకుంటూ వస్తే, చివర్లో లాగినప్పుడు లంగా బొందు బిగించినట్టు పేగు మూతి ముడుచుకుంటుంది. సగం చుట్టు దగ్గర ముడివేసి, మిగతా సగం వేరే దారంతో కుడితే ఈ తిప్పలుండవు.

స్టేప్లర్ గొప్ప సుఖం వేగమే. 500 కిలోల జంతువు మత్తులో వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. కొసల్ని పక్కపక్కన పెట్టి కలుపుతారు కాబట్టి ద్వారం పెద్దదిగా వస్తుంది. కానీ ఇలా కలిపితే పేగు చుట్టూ ఉండే కండరం తెగుతుంది, మూసిన కొసల దగ్గర మేత నిలిచే సంచులు మిగులుతాయి. వాచి మందమైన పేగు గోడను పిన్నులు సరిగా పట్టవు. ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. జెజునమ్‌ను (చిన్నపేగు నడిమి భాగం) సీకమ్‌కు (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) కలపాల్సి వస్తే మాత్రం ఎలాగూ మామూలుగా పక్కపక్కనే కలుపుతారు. అక్కడ స్టేప్లర్‌ను నేను సంతోషంగా తీసుకుంటాను.

పెద్దపేగు లెక్క వేరు. ఇసుకో, గట్టిపడిన పేడో తీయడానికి పెల్విక్ ఫ్లెక్చర్ (పెద్దపేగు వెనక్కి తిరిగే వంపు) దగ్గర కోసినప్పుడు లోపలున్నదంతా సూక్ష్మజీవుల మయం. చుక్క కారినా పొట్టంతా చీము పట్టొచ్చు. అక్కడ రెండు వరుసలే మేలంటాను: మొదటి వరుస గోడ మందమంతా పట్టి రక్తస్రావాన్ని ఆపుతుంది, రెండోది మడిచి మూస్తుంది.

ఏ పద్ధతిలో కలిపినా మెసెంటరీలో (పేగును పట్టి ఉంచే పొరలో) మిగిలిన సందును కుట్టకుండా మాత్రం వదలొద్దు. పేగు కుట్టు ఎంత చక్కగా కుదిరినా, ఆ సందులోకి ఇంకో మెలిక దూరిందంటే గుర్రం మళ్లీ అదే బల్ల మీదికి వస్తుంది.