వంకర ముక్కుకి నేను వాడి చూసినవన్నీ

మా ఊరు పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, కానీ ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, చదువు ఒడియాలో. ఒడియాలో వంకరని ‘బొంకా’ అంటారు. పదహారో ఏట నుంచి కాలేజీలో నా పేరు అదే. తెలుగు కుర్రాళ్లకి అది ‘బొంకు’లా వినపడేది, కాబట్టి నేనేం చెప్పినా అబద్ధమే అని ఇంకో వేళాకోళం.

2008లో భోగికి ముందు రోజు కార్కు బంతి సూటిగా ముక్కు దూలానికి తగిలింది. “ఏటిరా బాబూ ఆ రక్తం!” అని మా నానమ్మ తడిగుడ్డ వేసి పసుపు అద్దింది. మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు గారు లైటు వేసి ముక్కు లోపల చూశారు. “లోపల రక్తం గడ్డ కట్టలేదు, అదృష్టం. వాపు దిగనిచ్చి నాలుగైదు రోజుల్లో తీసుకురండి” అన్నారు. ఆయన చెప్పింది సరైన మాట. మేమే వెళ్లలేదు. పండగ, చుట్టాలు, ఆ తర్వాత పరీక్షలు. వాపు పూర్తిగా దిగాక అద్దంలో చూసుకుంటే ముక్కు ఎడమకి తిరిగి ఉంది. నాలుగో వారంలో వెళ్తే, ఎముక అతుక్కుపోయింది, ఇక ఆపరేషనే అన్నారు.

పెద్దవాళ్లకి ముక్కు విరిగితే రెండు వారాల లోపే, వీలైతే వారం పది రోజుల్లోనే, కోత లేకుండా ఎముకని తిరిగి సరిచేయొచ్చు. పిల్లలకి ఇంకా తొందరగా అతుక్కుంటుంది, అంత వ్యవధి కూడా ఉండదు. ఈ సంగతి ఆరోజే మా నాన్నకి తెలిసి ఉంటే ఈ సమీక్ష రాసే అవసరం వచ్చేది కాదు.

మొదట వాడింది మందుల షాపులో అడిగితే ఇచ్చే ముక్కు చుక్కలు, జైలోమెటాజోలిన్. కుడి పక్క ఎప్పుడూ మూసుకునే ఉండేది, పడుకుంటే మరీను. రెండు చుక్కలు వేస్తే పది నిమిషాల్లో గాలి ఆడేది. అంత హాయి ఇచ్చిన మందు నా జన్మలో ఇంకోటి లేదు. అందుకే మూడేళ్లు వదల్లేదు. వాటిని వరసగా నాలుగైదు రోజులకి మించి వాడకూడదు. మించితే మందు దిగిపోగానే లోపలి పొర ముందుకంటే ఎక్కువ వాస్తుంది, ఆ వాపు తగ్గడానికి మళ్లీ చుక్కలే కావాలి. మా షాపులో గల్లాపెట్టె పక్కన ఒక సీసా, దిండు కింద ఒకటి, చొక్కా జేబులో ఒకటి. బ్రహ్మపురంలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరు గారు ఆ సీసా లాక్కుని స్టెరాయిడ్ స్ప్రే రాసిచ్చారు. చుక్కలు మానిన మొదటి రెండు వారాలు నోరు తెరుచుకుని కూర్చునే నిద్రపోయాను.

స్ప్రే మంచిదే. ఫ్లూటికాసోన్ రకం, ఫలితం కనపడటానికి వారం పది రోజులు పడుతుంది. ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి పక్కకి, చెవి వైపుకి కొట్టుకోవాలి. ఆ ఒక్క మాట ఎవరూ చెప్పక మొదటి సీసా అంతా నెత్తురు చుక్కలు చూశాను. ఎలర్జీ వాపు తగ్గింది, రొంప తగ్గింది, ముక్కు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఉప్పునీళ్లతో కడగడం కూడా అంతే, హాయిగా ఉంటుంది. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు. రాత్రి ముక్కు మీద అంటించుకునే పట్టీలు నాకు నిజంగా ఉపయోగపడ్డాయి, కానీ చెమటకి ఊడిపోతాయి. మే నెలలో వాటితో ఏం లాభం లేదు.

2018లో ఆన్‌లైన్‌లో 349 రూపాయల ప్లాస్టిక్ క్లిప్పు కొన్నాను. రోజూ పెట్టుకుంటే ముక్కు తిన్నగా అవుతుందన్నారు. మాది కొమ్ముబొమ్మలు, దువ్వెనలు అమ్మే షాపు. పశువుల కొమ్ముని సెగ చూపించి, మెత్తబడ్డాక వంచి బిగిస్తే, చల్లారాక ఆ రూపంలోనే ఉండిపోతుంది. చిన్నప్పటి నుంచి చూసిన పని కాబట్టి ముక్కు కూడా వంగుతుందని నమ్మాను. ముక్కు అలాంటిది కాదు. పై మూడో వంతు గట్టి ఎముక, కింద ఉన్నదంతా మెత్తటి ఎముక, అంటే కార్టిలేజ్. గట్టిది క్లిప్పుకి లొంగదు. మెత్తటిది వంగుతుంది, వదలగానే పాత చోటికే పోతుంది. రెండు నెలల తర్వాత నాకు మిగిలింది ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు. మా చెల్లి ఆ క్లిప్పుని బట్టలకి పెట్టుకుంటోంది.

2019లో మొదటి ఆపరేషన్, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. గుణుపూర్ నుంచి వచ్చే పాసింజరు ఎక్కి వెళ్లాం. సెప్టోప్లాస్టీ అన్నారు. జనం ‘ముక్కులో ఎముక పెరిగింది’ అనేది చాలాసార్లు దీని గురించే. పెరిగేది ఏమీ లేదు, రెండు రంధ్రాల మధ్య గోడ ఒక పక్కకి వాలిపోవడం. మత్తిచ్చి, ముక్కు లోపలి నుంచే ఆ గోడని సరిచేస్తారు, వంకర ముక్క తీసేస్తారు. బయట కోత ఉండదు. రెండో పక్క టర్బినేట్ అనే కండ వాచి ఉంటే దాన్నీ కుదిస్తారు. నాకు అదీ చేశారు. మూడో రోజు లోపలి దూది తీసినప్పుడు కుడి పక్క నుంచి వచ్చిన చల్లగాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖర్చు 55 వేలు, ఇన్సూరెన్సులో చాలావరకు వచ్చింది.

ఇంటికి వచ్చి అద్దం చూసుకున్నాను. ముక్కు అలాగే ఎడమకి తిరిగి ఉంది.

మళ్లీ వెళ్లి అడిగితే, “మేం శ్వాసకి చేశాం, రూపానికి కాదు” అన్నారు. నిజమే. సెప్టోప్లాస్టీతో బయటి రూపం సాధారణంగా మారదు. కానీ ‘వంకర ముక్కు’ అని చెప్పి వెళ్లినవాడికి ఆ మాట ఆపరేషన్‌కి ముందే చెప్పాలి కదా. నా దగ్గర సంతకం తీసుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. శ్వాస కూడా రూపాయికి పది అణాలే బాగుపడింది. ముక్కు నడిమి భాగం వంకరగా ఉంటే లోపల ఇరుకైన చోటు, వాల్వ్ అంటారు, అదీ నొక్కుకుపోతుంది. మధ్య గోడ ఒక్కటే సరిచేస్తే అది పూర్తిగా తెరుచుకోదు. బుగ్గని వేలితో చెవి వైపుకి లాగి పట్టుకుని పీల్చినప్పుడు గాలి సులువుగా వస్తే, ఇబ్బంది అక్కడ ఉందని ఒక గుర్తు. ఇది నాకు తర్వాత వేరే డాక్టరమ్మ గారు చూపించారు.

2021లో పెళ్లి కుదిరింది. ఫోటోల కోసం స్కిన్ క్లినిక్‌లో ఫిల్లర్ వేయించుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. హైలురానిక్ యాసిడ్ జెల్‌ని పల్లంగా ఉన్న పక్క ఇంజెక్షన్ చేస్తారు, పల్లం నిండి ముక్కు తిన్నగా ఉన్నట్టు కనిపిస్తుంది. పావుగంట పని, 28 వేలు. ఫోటోలు నిజంగా బాగా వచ్చాయి. ఏడాది తిరక్కుండానే కరిగిపోయింది. గాలి ఆడటానికి దానివల్ల ఒరిగింది సున్నా. ముక్కు దగ్గర జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అది ముందే చెప్పారు, అయినా వేయించుకున్నాను. పెళ్లి తొందరలో మనిషికి బుద్ధి పనిచేయదు. బ్యూటీ పార్లర్లలో వేసేవాళ్లు ఉన్నారని విన్నాను, వాళ్ల దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

అసలు పని 2022 నవంబరులో జరిగింది. సెప్టోరైనోప్లాస్టీ. అంటే లోపలి గోడ, బయటి రూపం రెండూ ఒకేసారి. దీనికి నలుగురు డాక్టర్లని కలిశాను. అందరినీ ఒకటే అడిగాను: విరిగి వంకరపోయిన ముక్కులు చేసిన ఫోటోలు చూపించండి, ఏడాది తర్వాత తీసినవి. ఇద్దరు చూపించారు. వాళ్లలో “పూర్తిగా తిన్నగా చేస్తాను” అనని ఆవిడ దగ్గరే చేయించుకున్నాను. “మీ ముఖమే రెండు పక్కలా ఒకేలా లేదు, గడ్డం కొంచెం కుడికి ఉంది. దేనికి సూటిగా పెట్టమంటారు ముక్కుని?” అన్నారు. అప్పటిదాకా నా గడ్డం సంగతి నాకు తెలియదు. ఆరోజు నుంచి అదొక టెన్షన్.

చేసింది ఇదీ. రెండు రంధ్రాల మధ్య చిన్న కోతతో చర్మం పైకెత్తారు. గట్టి ఎముకని రెండు పక్కలా కోసి మధ్యకి జరిపారు. మెత్తటి ఎముక మళ్లీ పాత వంకరకి పోకుండా పక్కనే బద్దల్లాంటి కార్టిలేజ్ ముక్కలు పెట్టి కుట్టారు. ఆ ముక్కలు మామూలుగా ముక్కు మధ్య గోడ నుంచే తీస్తారు. నాకు మొదటి ఆపరేషన్లోనే అది చాలా పోయింది. అందుకని పక్కటెముక నుంచి తీశారు. రెండు ఆపరేషన్లకి బదులు మొదటే ఒకటి చేయించుకుని ఉంటే రొమ్ము మీద ఈ మచ్చ ఉండేది కాదు. నొప్పి కూడా ముక్కుకి కాదు, రొమ్ముకే. దగ్గినా నవ్వినా ప్రాణం పోయేది. ముక్కు బాగుచేయించుకుని రొమ్ము పట్టుకుని తిరుగుతున్నాడేమిటని చూడ్డానికి వచ్చినవాళ్లకి అనుమానం.

ఖర్చు లక్షా 60 వేలు. ఇన్సూరెన్సు కంపెనీ అందం కోసం చేయించుకున్నారని మొత్తం కొట్టేసింది. దెబ్బ తగిలి వంకరపోయిందని రుజువు చూపించమన్నారు. 2008 నాటి ఓపీ చీటీ ఎక్కడిది? నానమ్మ దాంట్లో పకోడీలు చుట్టి ఉంటుంది. ఆరోగ్యశ్రీ అడుగుదామంటే అది ఆంధ్రా కార్డులకి, మాది ఒడిశా రేషన్ కార్డు.

వారం రోజులు ముక్కు మీద కట్టు, లోపల సన్నటి సిలికాన్ రేకులు. కళ్ల కింద నల్లగా రెండు వారాలు ఉంది. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నాకు కళ్లజోడు ఉంది, ఆరు వారాలు ముక్కు మీద ఆనకూడదన్నారు. దాన్ని టేపుతో నుదుటికి అంటించుకుని షాపులో కూర్చున్నాను. పై పెదవి, ముందు పళ్లు రెండు నెలలు మొద్దుబారి ఉన్నాయి. నెల తిరిగేసరికి వాపు ఒక పక్కే ఎక్కువ ఉండి మళ్లీ వంకరపోయిందేమోనని మా ఆవిడ, “ఏవండీ, ఇదేంటండీ ఇలా ఉంది” అని ఏడ్చింది. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుందని డాక్టరమ్మ గారు ముందే చెప్పారు. చెప్పినట్టే పట్టింది. ఇంకా లోటు ఉంటే మళ్లీ సరిచేయడం గురించి కూడా ఆ ఏడాది గడిచాకే మాట్లాడతారు.

ఇప్పుడు మూడేళ్లు దాటింది. ఎదురుగా చూస్తే తిన్నగా ఉంది. కింద నుంచి ఫోటో తీస్తే కొన దగ్గర చిన్న వంపు, నాకే తెలుస్తుంది. కొన గట్టిగా ఉంటుంది, వేలితో నొక్కితే మునుపటిలా వంగదు. చలికాలం పొద్దున్నే కొంచెం బిగిసినట్టు ఉంటుంది. గాలి రెండు పక్కలా ఆడుతోంది. గురక తగ్గిందని మా ఆవిడ అంటుంది కానీ పూర్తిగా పోలేదు. వాసన తిరిగొచ్చింది. కొమ్ము సాన పట్టేటప్పుడు కాలిన వెంట్రుకల కంపు కొడుతుంది, పాతికేళ్లు ఆ షాపులో పెరిగి అది ఇంత ఘోరంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

డబ్బు, నొప్పి అన్నీ లెక్కేసి మళ్లీ చేయించుకుంటావా అంటే, ఆ చివరిది చేయించుకుంటాను. మొదటిది మాత్రం చేయించుకోను. గాలి ఆడకపోవడం ఒక్కటే బాధ అయి, బయట ముక్కు తిన్నగా ఉన్నవాళ్లకి సెప్టోప్లాస్టీ చాలు. నాలా రెండూ ఉన్నవాళ్లు దాన్ని విడిగా చేయించుకునే ముందు రెండో డాక్టరుని అడగండి. రూపం ఒక్కటే బాధ, గాలి బాగానే ఆడుతోంది అనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది తక్కువ.

పోయిన వేసవిలో మా చెల్లి కొడుక్కి, పన్నెండేళ్లు, బ్యాటు తగిలి ముక్కు పక్కకి పోయింది. ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. లోపల రక్తం గడ్డ కట్టిందేమో ముందు చూడమన్నాను. అది వెంటనే తీయకపోతే మెత్తటి ఎముక కుళ్లి ముక్కు కూలిపోవచ్చు. లేదన్నారు. ఐదో రోజు బ్రహ్మపురంలో మత్తిచ్చి, కోత లేకుండా ఎముకని చోటికి నెట్టి కట్టు కట్టారు. పావుగంట పట్టలేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. ఓపీ చీటీ మా చెల్లికి ఇవ్వలేదు, నా బీరువాలో పెట్టాను.