మణికట్టా, గజ్జలా? స్టెంట్ వేశాక నర్సుకు ఏది మేలు?

గుండెపోటుతో వచ్చిన మనిషికి స్టెంట్ వేసి క్యాథ్‌ల్యాబ్ నుంచి సీసీయూకు, అంటే మా గుండె ఐసీయూకు, పంపుతున్నామని ఫోను రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న "చెయ్యా, కాలా?" అని. గుండెకు మణికట్టు దగ్గర ధమనిలోంచి వెళ్లారా, గజ్జల్లోని తొడ ధమనిలోంచి వెళ్లారా అన్నదాన్ని బట్టే ఆ రాత్రి నా డ్యూటీ నడుస్తుంది.

గజ్జల దారి పాతది. ధమని లావుగా ఉంటుంది కాబట్టి డాక్టరుకు పని సులువు. కష్టం షీత్ (ధమనిలో ఉంచిన గొట్టం) తీసేటప్పుడు మొదలవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ ప్రభావం దిగాలి, అంటే గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే ఏసీటీ పరీక్ష సుమారు 180 సెకన్ల కిందికి రావాలి. ఆ తర్వాత చేత్తో నొక్కి పట్టాలి. కొత్త నర్సులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: చర్మం మీద కనిపించే రంధ్రం మీదే నొక్కుతారు. సూది ఏటవాలుగా దిగుతుంది కనుక ధమనికి పడిన రంధ్రం దానికి కాస్త పైన ఉంటుంది, వేళ్లు అక్కడ ఉండాలి. 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా. మన భుజాలు పీకుతున్నా కళ్లు మాత్రం పేషెంటు ముఖం మీదే ఉండాలి. ఆవలింతలు, చెమట, వికారం కనిపించి నాడి నెమ్మదించిందంటే బీపీ కూడా పడిపోతోందన్నమాట. అందుకే నాడిని పెంచే అట్రోపిన్ మందు చేతికందేంత దూరంలో పెట్టుకోనిదే నేను షీత్ ముట్టుకోను. ఆ తర్వాత కాలు మడవకుండా నాలుగైదు గంటలు వెల్లకిలా పడుకోబెట్టాలి.

అలా పడుకున్న ఒక పెద్దాయన ఒక రాత్రి "నడుము లాగేస్తోందమ్మా, కాస్త పక్కకు తిప్పండి" అన్నారు. కట్టు పొడిగా ఉంది, గజ్జల్లో వాపు లేదు. ఆ పడకకు ఎవరి నడుమైనా పీకుతుంది కదా అనుకుని దిండు సర్దబోయాను. అలవాటుగా మానిటర్ వైపు చూస్తే నాడి 110 దాటింది, అంతకు ముందు 130 ఉన్న బీపీ 94కి దిగింది. కడుపు వెనుక భాగంలో రక్తం చేరుతోంది. బయటికి ఒక్క చుక్క రాలేదు. ఆయన బయటపడ్డారు కానీ, గజ్జల దారి అంటే నాకున్న భయం మాత్రం ఆ రాత్రిదే.

మణికట్టు దగ్గర ఇలా దాక్కునే చోటు లేదు. ధమని చర్మం కిందే ఉంటుంది, వెనుక ఎముక ఉంటుంది, నొక్కితే ఆగుతుంది. 1989లో కెనడా డాక్టరు కాంపో ఈ దారిన యాంజియోగ్రామ్‌లు చేసి చూపించారు, 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టర్ కీమెనెయ్ యాంజియోప్లాస్టీ చేశారు. రెండు దారులనూ పోల్చిన, 8,400 మందికి పైగా పాల్గొన్న మ్యాట్రిక్స్ పరిశోధన 2015లో వెలువడింది. చేతి దారిలో పెద్ద రక్తస్రావాలు తగ్గాయని అందులో తేలింది. పేషెంటు కూర్చుని తినవచ్చు, త్వరగా లేచి బాత్‌రూమ్‌కు వెళ్లవచ్చు. బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లను చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

అయితే చేతి కేసు అంటే తీరిక దొరికినట్టేనని అనుకోవడం పొరపాటు. రంధ్రం మీద నొక్కి ఉంచడానికి మణికట్టుకు కట్టే గాలి బ్యాండ్‌ను బిగించి వదిలేస్తే రక్తం ఆగుతుంది, ధమని కూడా మూసుకుపోతుంది. రక్తం చెమ్మగా కనిపించేదాకా గాలి మెల్లగా తీసి, మళ్లీ ఒకటి రెండు మిల్లీలీటర్లు ఎక్కించాలి. ఆపైన బొటనవేలికి ఆక్సీమీటర్ పెట్టి, చిటికెన వేలి వైపు ధమనిని నొక్కి చూడాలి. తెర మీద అల ఆగిపోతే బ్యాండ్ ఇంకా బిగువుగా ఉన్నట్టే. మూసుకుపోయినా రెండో ధమని చేతిని పోషిస్తుంది కనుక పేషెంటుకు సాధారణంగా ఏమీ తెలియదు, మరోసారి అవసరమైనప్పుడు మాత్రం ఆ దారి ఉండదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సెలైన్ పెట్టకూడదు. ముంజేయి గట్టిపడి నొప్పి పెరుగుతోందంటే బ్యాండ్ సర్దుతూ కూర్చోకుండా డాక్టరును పిలవాలి. ఇంకొక చిన్న విషయం: బ్యాండ్‌తో వచ్చే ప్రత్యేక సిరంజి పేషెంటుతోపాటే రావాలి. అది క్యాథ్‌ల్యాబ్‌లో ఉండిపోయిన రోజున గాలి తీసే దిక్కుండదు.

ఏది మేలంటే, వీలున్న ప్రతిసారీ మణికట్టే. అది కుదరని సందర్భాలూ ఉన్నాయి: గుండెకు ఆసరాగా బెలూన్ పంపు అవసరమయ్యేంతగా బీపీ పడిపోయిన షాక్, మణికట్టులో సరిగా అందని నాడి, డయాలిసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన ఫిస్టులా ఉన్న చెయ్యి. తొడ ధమనికి పడిన రంధ్రాన్ని మూసే పరికరాలు వచ్చాయి, వాటితో పడక సమయం తగ్గుతుంది, కాపలా తప్పదు.

చేతి కేసులే ఎక్కువయ్యాక కొత్త నర్సులకు గజ్జల్లో నొక్కే అలవాటు పోతోంది. అందుకే ఎప్పుడైనా షీత్ తీయాల్సి వస్తే ఒకరిని పక్కన నిలబెట్టుకుంటున్నాను. ముందు వాళ్ల వేళ్లను నాడి మీద పెట్టిస్తాను, వాటి మీద నా వేళ్లు ఉంచి ఎంత బలం కావాలో చూపిస్తాను.