స్కోరా, పార్టా? పర్కషన్, మారింబా బృందానికి ఏది మేలు?

నలుగురైదుగురు కలిసి వాయించే పర్కషన్ (కొట్టి వాయించే వాయిద్యాల) సంగీతం కొనేటప్పుడు అందరూ ముందు కృతి పేరు చూస్తారు, తర్వాత ఎన్ని వాయిద్యాలు కావాలో చూస్తారు. స్టాండ్ మీద చివరికి ఏ కాగితం ఉంటుందన్నది చాలామందికి తట్టదు. రిహార్సల్ సాఫీగా సాగుతుందా, ప్రతి పది బార్లకూ (తాళం విభాగాలకూ) ఆగిపోతుందా అన్నది సగం దాన్నిబట్టే ఉంటుంది. అందరి వరసలూ ఒకదాని కింద ఒకటి కనిపించే పూర్తి స్కోర్ ఒక దారి, ఎవరి వరస వాళ్లకు విడిగా అచ్చువేసిన పార్ట్ ఇంకో దారి.

నలుగురు తంత్రీవాద్యకారుల స్ట్రింగ్ క్వార్టెట్‌లో దీని గురించి పెద్దగా చర్చ ఉండదు, అక్కడ పార్ట్‌లే ఆనవాయితీ. వాళ్లు కుర్చీలో కూర్చుంటారు, స్టాండ్ మూరెడు దూరంలో ఉంటుంది, వేళ్లు వాటి చోటును చూడకుండానే వెతుక్కుంటాయి. మ్యాలెట్లనే పుల్లలతో కొట్టే చెక్క పలకల వాయిద్యం మారింబా. అది వాయించేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 5 ఆక్టేవ్‌ల (స్థాయిల) మారింబా పొడవు రెండున్నర మీటర్లు దాటుతుంది. వాయించే మనిషి అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి. మ్యాలెట్ సరైన పలక మీద పడాలంటే చూపు కిందే ఉండాలి. ఒక్కో చేతిలో రెండేసి మ్యాలెట్లు ఉంటే పేజీ తిప్పడానికి వేలు కూడా ఖాళీ ఉండదు. అందుకే కాగితం మీద ఎంత సమాచారం ఉంది అన్నదెంత ముఖ్యమో, అరక్షణం తలెత్తితే అందులో ఎంత కంటికి అందుతుందన్నదీ అంతే ముఖ్యం.

స్కోర్ వైపు నిలబడే వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ సంగీతం. 1972 నాటి 'క్లాపింగ్ మ్యూజిక్' ఇద్దరి చప్పట్లతో సాగుతుంది. 12 ఎయిత్ నోట్ల లయను ఒకరు మార్చకుండా కొడుతుంటే, రెండోవారు విడతకొక నోటు చొప్పున జరుగుతూ చివరికి మళ్లీ మొదటివారితో కలుస్తారు. అంతా ఒక్క పేజీలో ఇమిడిపోతుంది కాబట్టి ఇక్కడ పార్ట్ విడదీయడంలో అర్థమే లేదు. రెండు మారింబాల కోసం 1994లో రాసిన 'నగోయా మారింబాస్' మరీ మంచి ఉదాహరణ. ఇద్దరి వరసలూ దాదాపు ఒకే స్వరాలు, కాకపోతే ఒకటో రెండో బీట్ల తేడాతో నడుస్తాయి. ఒక్కో పాటర్న్ మూడుసార్లకు మించి తిరగదు, వెంటనే మారిపోతుంది. ఒంటరి పార్ట్‌లో అదంతా పొడవాటి నోట్ల బారులా కనిపిస్తుంది, దారి తప్పితే మళ్లీ ఎక్కడ ఎక్కాలో దొరకదు. అదే పక్కవాళ్ల వరస కళ్లముందు ఉంటే వాళ్ల స్వరం పట్టుకుని తిరిగి చేరిపోవచ్చు.

మరో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1941లో రాసిన 'థర్డ్ కన్‌స్ట్రక్షన్' ఇంకో రకం చిక్కు. నలుగురు వాద్యకారులు, 24 సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కు 24 బార్లు. అయితే ఆ 24 బార్లను పదబంధాలుగా (సంగీత వాక్యాలుగా) విడగొట్టే తీరు నలుగురికీ ఒకటి కాదు. ఒకరి పదబంధం ముగిసేచోట ఇంకొకరిది మధ్యలో ఉంటుంది. ఈ అమరిక వినపడాలంటే ముందు కంటికి కనపడాలి, అది స్కోర్‌లోనే సాధ్యం. కేవలం పార్ట్‌లతో నేర్చుకున్న బృందం తప్పు లేకుండా లెక్కపెడుతుంది కానీ, ఒకరి మాటకు ఇంకొకరు బదులిస్తున్నట్టు అనిపించదు. ఆ తేడా వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

మరి అందరూ స్కోర్ చూసే వాయించవచ్చు కదా? పేజీలు ఒప్పుకోవు. మారింబాకు పియానోలాగా రెండు స్టాఫ్‌లు (అయిదు గీతల పట్టీలు) రాస్తే క్వార్టెట్‌కు ఎనిమిది స్టాఫ్‌లవుతాయి. ఆ ఎనిమిదేసి స్టాఫ్‌ల కట్టలు పేజీకి ఒకటో రెండో పడతాయి. పార్ట్‌లో నాలుగు పేజీల్లో అయిపోయేది స్కోర్‌లో పదిహేను దాకా పోతుంది. అచ్చు చిన్నదవుతుంది, నిలబడి చూస్తే అక్షరం ఆనదు. స్వరకర్త ఎడ్గార్ వరేజ్ 1931లో పూర్తిచేసిన 'అయొనిజేషన్' లాంటి 13 మంది కృతికైతే అసలు ఆ మాటే తలపెట్టక్కర్లేదు. అక్కడ లెక్క చూపించడానికి కండక్టర్ ఉంటారు, మిగతావాళ్లకు పార్ట్ చాలు.

టాబ్లెట్ వచ్చాక పేజీ తిప్పే సమస్య తీరిపోయిందంటారు. కొంతవరకే తీరింది. కాలితో నొక్కే బ్లూటూత్ పెడల్ కూర్చుని వాయించేవాళ్లకు వరమే. లోహపు పలకల వైబ్రాఫోన్‌లో మాత్రం ఒక కాలు అప్పటికే వాయిద్యం పెడల్ మీద ఉంటుంది, రెండోది శరీర బరువంతా మోస్తుంది. మారింబాలో మీరు పై స్వరాల దగ్గర ఉన్నప్పుడు పెడల్ కింది స్వరాల దగ్గర ఉండిపోతుంది. రెండు పెడళ్లు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, అది పనిచేస్తుంది. ఏదేమైనా స్కోర్‌ను సగం పేజీ చొప్పున చూపించుకుని, రంగులతో గుర్తులు పెట్టుకుని రిహార్సల్ చేయడానికి టాబ్లెట్‌ను మించింది లేదు.

నా సలహా ఇది. ఇద్దరు ముగ్గురున్న కృతి అయితే స్కోర్ చూసే వాయించండి. క్వార్టెట్ (నలుగురు), క్వింటెట్ (అయిదుగురు) అయితే స్కోర్‌తో నేర్చుకుని, గుర్తులన్నీ పార్ట్‌లోకి ఎక్కించి, కచేరీలో పార్ట్ పెట్టుకోండి. ఆరుగురు దాటితే పార్టే, స్కోర్ ఒకరి దగ్గర ఉంటే సరిపోతుంది. స్వరకర్త నెబోయ్‌షా జివ్‌కోవిచ్ 'ట్రియో పెర్ ఉనో' లాంటివి వీటిలో దేనికీ లొంగవు. దాని మొదటి భాగంలో ముగ్గురూ అడ్డంగా పడుకోబెట్టిన ఒకే బాస్ డ్రమ్ చుట్టూ నిలబడతారు కాబట్టి, కంఠస్థం చేయడమే ఉత్తమం.

కొనేముందు శాంపిల్ పేజీలు తెరిచి చూడండి. పొడవైన విరామాల తర్వాత పక్కవాళ్ల వరస చిన్న అక్షరాల్లో క్యూగా ఇచ్చారా? పేజీ చివర చేతులకు ఖాళీ దొరుకుతుందా? ఏ గీత మీద ఏ వాయిద్యమో చెప్పే పట్టిక స్కోర్‌లోనే ఉందా, ప్రతి పార్ట్‌లోనూ ఉందా? పర్కషన్ రాతకు అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతి లేదు, ఒక కృతిలో టామ్‌టామ్ ఉన్న గీత మీద ఇంకో కృతిలో కౌబెల్ ఉంటుంది. మారింబా పరిధి కూడా చూసుకోండి. 4.3 ఆక్టేవ్‌ల మారింబా కింది 'ఎ' దగ్గర ఆగిపోతుంది. రైక్ 2009లో రాసిన 'మ్యాలెట్ క్వార్టెట్' చెల్లో కింది 'సి' దాకా దిగుతుంది, దానికి రెండు 5 ఆక్టేవ్‌ల మారింబాలు ఉండాల్సిందే.