డిజేబిలిటీ పెన్షన్ పద్ధతి: ఏండ్ల తరబడి వాడినంక నా రివ్యూ

మా బాపు ఆర్టిలరీల హవల్దార్, 2013ల రిటైర్ అయిండు. ఫిరంగుల పక్కన పనిచేసి చెవులు దెబ్బతిన్నయ్. రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే ఫౌజు ఇడిసేటప్పుడు పరీక్ష చేసే డాక్టర్ల బోర్డు, 20 శాతం డిజేబిలిటీ అని రాసింది గని ఆ పక్క గడిలనే సర్వీసుతోని సంబంధం లేదు అని రాసింది, ఇగ డిజేబిలిటీ పెన్షన్ క్లెయిమ్ అక్కడ్నే ఆగింది. అప్పటి సంది అప్పీళ్లు, సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్, పెన్షన్ పోర్టల్ అన్నీ నేనే చూస్తున్న, హన్మకొండల మా వాడకట్టు మాజీ సైనికుల కాయితాలు గూడ.

ఆన్‌లైన్ అయినంక సుఖమైంది అయితే ఉంది. నవంబర్ల లైఫ్ సర్టిఫికెట్ ఫోన్ల మొఖం చూపెడితే అయిపోతది, ముసలోళ్లు బ్యాంకుల లైన్ కట్టే బాధ తప్పింది. పేరుతోనే పంచాయితీ. మనోళ్లకు ఇంటిపేరు ఆధార్ల ముందుంటది, సర్వీస్ రికార్డుల చివర్ల ఉంటది, కంప్యూటర్‌కు ఇద్దరు వేరే మనుషుల లెక్క కనిపిస్తరు.

అసలు లోపం కారణం చెప్పకపోవుడు. అప్పీలుకు వచ్చిన జవాబుల బాపు ఏ తోపు మీద పనిచేసిండు, ఎన్నేండ్లు చేసిండు ఒక్క ముక్క లేదు, పేరు మారిస్తే ఎవరికైనా పంపొచ్చు. ఆర్టీఐ పెట్టి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, మెడికల్ బోర్డు కాయితాలు తెప్పిస్తే గప్పుడు తెలిసింది, భర్తీ అయిన నాడు రెండు చెవులు నార్మల్ అని రాసుంది. చేరేటప్పుడు రోగం రాసిలేకుంటే అది సర్వీసుల వచ్చినట్టే అనుకోవాలె అని సుప్రీంకోర్టు 2013ల ధరమ్‌వీర్ సింగ్ కేసుల చెప్పింది. బోర్డు కారణం రాయాలె అని 2025ల రాజుమోన్ కేసుల మళ్ల చెప్పింది. మాకు ట్రిబ్యునల్ చెన్నై బెంచిలనే న్యాయం దొరికింది. 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినోళ్లకు కొత్త రూల్స్ ఉన్నయ్, వాళ్లు పాత తీర్పులే పట్టుకోని పోవద్దు.

పైసల లెక్క ఏందంటే, 100 శాతం డిజేబిలిటీకి చివరి జీతంల 30 శాతం. జీతం 20,000 అనుకుంటే 20 శాతానికి 1,200 వస్తది, రౌండింగ్ చేసి, అంటే 20ని 50 శాతం కింద లెక్కగడితే, 3,000. రిటైర్ అయినోళ్లకు గూడ ఈ రౌండింగ్ ఇయ్యాలె అని 2014 డిసెంబర్‌ల రామ్ అవతార్ కేసుల తీర్పు వచ్చింది, ఇది మా దిక్కు శానమందికి ఇంకా తెల్వదు.

ఇగ వీటిని చూసేదెవరు? 2023ల సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్ట్ వచ్చింది, 2015-16 నుంచి 2019-20 దాకా రిటైర్ అయిన ఆఫీసర్లల్ల 36 నుంచి 40 శాతం, జవాన్లల్ల 15 నుంచి 18 శాతం డిజేబిలిటీ పెన్షన్‌తోని పోయిన్రు అని చెప్పింది. ఇంత తేడా ఎందుకో అడగాల్సిందే, అడిగిన్రు, మంచిదే. గని నాకు కావల్సిన లెక్క ఇంకోటి, అప్పీల్ల కొట్టేసిన కేసులు ట్రిబ్యునల్ల ఎన్ని తిరగబడుతున్నయ్ అని ప్రతి ఏడు చెప్పాలె, కొట్టేసినోళ్లను కారణం అడగాలె. కేంద్ర సర్కారు ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌ల ఫిర్యాదుకు 2024 నుంచి 21 రోజుల గడువు పెట్టిన్రు, గని రోజులు లెక్కపెడితే సరిపోదు, మాకు ఒక ఆఫీసు నుంచి గడువు లోపల్నే జవాబొచ్చింది, సంబంధిత విభాగానికి పంపినం అని, ఫిర్యాదు క్లోజ్.

పెన్షన్ పడుడుకు 5కు 4 ఇస్త, క్లెయిమ్ విచారణకు 1. ఈ ఏడు రిటైర్ అయ్యేటోళ్లు మెడికల్ బోర్డు కాయితాల కాపీ, భర్తీ నాటి మెడికల్ కాయితం రెండూ యూనిట్ వదిలే ముందే తీసుకోండ్రి, మొదటి అప్పీలుకు ఆర్నెల్లే టైం ఉంటది.