నా మూడు టి-55లు: ఏడేళ్లలో ఏ వెదరింగ్ నిలిచింది, ఏది రాలింది

నా గాజు అల్మారాలో సోవియట్ టి-55ఏ టాంకుల ప్లాస్టిక్ మోడళ్లు మూడున్నాయి, సైజు 1/35, అంటే అసలు బండిలో ముప్పై ఐదో వంతు. మొదటిది ఏడేళ్ల కిందట చేశాను, రెండోది ఆ మరుసటి ఏడాది, మూడోది పోయినేడు. కిట్ పూర్తయిన వారంలోనే రాసిన సమీక్షలు బోలెడు చదివాను కానీ, వెదరింగ్ కోసం, అంటే వాడి అరిగిన బండిలా కనిపించడానికి వేసిన ఆ రంగు, ఆ మట్టి, ఆ మసి ఏళ్లు గడిచాక ఏమయ్యాయో చెప్పినవి నాకు పెద్దగా దొరకలేదు. మొదటి రెండూ అల్మారాలో ఎలా మారుతూ వచ్చాయో చూశాకే మూడోదాన్ని ఎలా చేయాలో నాకు అర్థమైంది.

మూడింటినీ 1968 ఆగస్టులో చెకొస్లొవేకియాలోకి వెళ్లిన సోవియట్ టాంకులుగానే చేశాను. ఆగస్టు 20 రాత్రి సోవియట్ కూటమి అయిన వార్సా ఒప్పంద దేశాల సేనలు సరిహద్దు దాటాయి. చెకొస్లొవేకియా సైన్యం దగ్గర కూడా ఇవే టి-54లు, టి-55లు ఉన్నాయి. ఏది ఎవరిదో గుర్తుపట్టడానికి లోపలికి వచ్చిన సేనలు తమ బండ్ల మీద నిలువునా అడ్డంగా తెల్ల పట్టీలు వేసుకున్నాయి. ఆకుపచ్చ మీద హడావుడిగా పూసిన ఆ తెల్ల రంగు సైనికుల బూట్ల కింద అరిగి, పెచ్చులూడి ఉంటుంది కదా. నన్ను ఈ బండి దగ్గరికి లాగింది అదే.

ఆ అరుగుదల కోసం నేను నమ్మేది హెయిర్ స్ప్రే. ముందు ఆకుపచ్చ వేసి, బాగా ఆరాక వార్నిష్ కొడతాను. దాని మీద మామూలు హెయిర్ స్ప్రే రెండు పల్చటి పూతలు. పావుగంట ఆగి, పట్టీ అంచులకు టేప్ అంటించి, టమియా కంపెనీ ఎక్స్‌ఎఫ్-2 తెలుపు రంగును పల్చగా కొడతాను. అరగంట తర్వాత బ్రష్‌ను నీళ్లలో ముంచి పట్టీ మీద తడి చేసి నిమిషం ఆగితే, కింద ఉన్న హెయిర్ స్ప్రే కరుగుతుంది. అప్పుడు పొట్టి వెంట్రుకల బ్రష్‌తో మెల్లగా పొడిస్తే తెలుపు చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. ఏ మూల ఎంత లేస్తుందో పూర్తిగా మన చేతిలో ఉండదు, అందుకే అది సహజంగా కనిపిస్తుంది. ఏడేళ్లయినా మొదటి టాంకు మీద ఒక్క పెచ్చు కూడా అదనంగా ఊడలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. రెండో టాంకుకు మే నెలలో ఈ పని పెట్టుకున్నాను. తెలుపు కొట్టి భోజనానికి వెళ్లి గంటన్నర తర్వాత వచ్చేసరికి ఎంత రుద్దినా కదల్లేదు, చివరికి టూత్‌పిక్‌తో గీకాల్సి వచ్చింది. ఆ గీతలు ఇప్పటికీ గీతల్లాగే ఉన్నాయి. ఎండాకాలంలో ఈ పని మొదలుపెడితే మధ్యలో లేవకూడదు.

పెచ్చుల సైజు దగ్గర చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. 1/35లో ఒక మిల్లీమీటరు మచ్చ అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. మొదటి టాంకుకు నేను స్పాంజితో అద్దిన గోధుమ రంగు మచ్చలు ఆ లెక్కన అరచేతులంత ఉన్నాయి. మూడోదానికి అలా అద్దడం మానేశాను. డ్రైవర్ ఎక్కి దిగే ముందు ఎడమ మూల, టరెట్ (పైన తిరిగే ఫిరంగి గోపురం) హాచ్‌ల (మూతల) చుట్టూ, ఫెండర్ల (ట్రాక్ పైని రేకుల) అంచులు, ఇంతే. మనిషి కాలు పడని చోట రంగు ఎందుకు పోతుంది?

తుప్పు సంగతి నాకు నేర్పింది పొక్లెయిన్. మా వీధి చివర నెల రోజులు డ్రైనేజీ పని జరిగింది. రోజూ సాయంత్రం వెళ్లి దాని చైన్ ఫొటోలు తీసుకునేవాణ్ని. ఆపరేటర్‌ను తుప్పు గురించి అడిగితే, "నడిచే బండికి తుప్పు యాడ నిలుస్తది సార్? రెండు రోజులు పక్కన పెట్టి సూడు, చైన్ మొత్తం ఎర్రగైతది" అన్నాడు. అప్పటిదాకా నా మొదటి టాంకు ట్రాక్‌లు, అంటే దాని చైన్లు, ఇటుక రంగులో ఉండేవి. ఆ వారమే వాటిని ముదురు గోధుమ, నలుపు కలిపి మళ్లీ వేశాను. నేలకు తగిలే అంచుల మీద మాత్రం మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దాను. గ్రాఫైట్ మెరుపు ఇన్నేళ్లయినా తగ్గలేదు, ఖరీదైన మెటల్ రంగుల కంటే ఇదే మేలు. పొక్లెయిన్‌కూ టి-55కూ ఒక తేడా ఉంది. పొక్లెయిన్ రోలర్లు ఇనుమువి, టి-55 చక్రాలకు రబ్బరు ఉంటుంది. కాబట్టి ట్రాక్ లోపలి వైపు చక్రం నడిచే దారి వెండిలా మెరవదు. మధ్యలో నిలబడే పళ్ల పక్కలు, ట్రాక్‌ను తిప్పే వెనక పళ్ల చక్రం (స్ప్రాకెట్) పళ్లు మాత్రమే మెరుస్తాయి.

ట్రాక్ వేలాడటం కూడా ఇక్కడే చెప్పాలి. ఈ బండికి పైన ట్రాక్‌ను మోసే చిన్న రోలర్లు ఉండవు. ఐదు పెద్ద చక్రాల నెత్తి మీదే ట్రాక్ బరువుగా వాలిపోవాలి, మొదటి రెండు చక్రాల మధ్య ఎక్కువ సందు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా కొంచెం కిందికి దిగాలి. నా కిట్లలో వచ్చిన రబ్బరులాంటి ఒకే ముక్క ట్రాక్ బిగుసుకుపోయి, తాడు లాగి కట్టినట్టు నిలబడింది. ఒక్కో చక్రం మీద బొట్టు సూపర్ గ్లూ పెట్టి, ఫెండర్‌కూ ట్రాక్‌కూ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి, రాత్రంతా వదిలేశాను. ఆ జిగురు ఏడేళ్లలో ఒకే ఒక్క చోట వదిలింది.

ఇక దుమ్ము. మొదటిసారి ఇంటి వెనక మట్టి తెచ్చి, వస్త్రగాలితం పట్టి, ఫెవికాల్ నీళ్లతో పూశాను. రెండు తప్పులు జరిగాయి. మా మట్టి ఎర్రది. ప్రాగ్ వీధుల్లోకి వచ్చిన బండి అప్పుడే మా ఊరి చెరువు కట్ట దిగినట్టు కనిపించింది. రెండోది, ఆ వానాకాలం చక్రాల మధ్య తెల్లటి బూజు పట్టింది. మట్టిని పెనం మీద బాగా వేయించి వాడితే బూజు రాలేదు, కానీ రంగు సమస్య అలాగే ఉంది. ఇప్పుడు సాఫ్ట్ పేస్టల్ కడ్డీలను గరుకు కాగితం మీద అరగదీసి ఆ పొడి వాడుతున్నాను. బూడిద, లేత గోధుమ కలిపితే యూరప్ రోడ్ల దుమ్ముకు దగ్గరగా వస్తుంది. మెత్తదనం ముఖ్యం. మూడో వంతు మిల్లీమీటరు ఇసుక రేణువు కూడా ఈ సైజులో ఒక సెంటీమీటరు గులకరాయి అవుతుంది.

పొడిని పట్టి ఉంచడానికి ఏమీ వాడకపోతే చేయి తగిలినచోటల్లా వేలిముద్ర పడుతుంది. నా రెండో టాంకు టరెట్ నిండా అవే. పొడిని అతికించే ద్రవం, ఫిక్సర్, ఎక్కువ పోస్తే ఆరాక ఉప్పు మరకలా అంచు కనిపిస్తుంది. సన్న బ్రష్‌తో మూల నుంచి పాకించాలి, పై నుంచి పోయకూడదు.

మసి పని చిన్నదే. టి-55 పొగ గొట్టం ఎడమ ఫెండర్ వెనక భాగంలో ఉంటుంది. తెరచాటుకు దట్టమైన పొగ కావాలంటే అందులోకే డీజిల్ చిమ్ముతారు. అందుకని మసి ఎడమ వైపే, అదీ జిడ్డుగా ఉండాలి. కేమెల్ ఆయిల్ ట్యూబుల్లోని నలుపు, బర్న్ట్ అంబర్‌ను ముందు అట్టముక్క మీద గంటసేపు ఉంచి నూనె పీల్పించి వాడాను. చాలా బాగా నిలిచింది. దీనికి వాడే టర్పెంటైన్ రంగు వేయని ప్లాస్టిక్‌కు తగలకుండా చూసుకోండి. రెండో టాంకులో అది చక్రం ఇరుసులోకి పాకి, పొద్దున చూసేసరికి ఇరుసు పుటుక్కున విరిగి ఉంది.

టాంకు వెనక బురదలో దిగబడితే వాడే దుంగ ఒకటి కట్టి ఉంటుంది. మొదటిదానికి వేప పుల్ల పెట్టాను. బెరడు, పగుళ్లు నిజమైనవి కావడంతో అచ్చం దుంగలాగే ఉండేది. మూడో ఏడు పురుగు పట్టి అల్మారా అరలో పిండి రాలడం మొదలైంది. తీసేయక తప్పలేదు. మూడో టాంకుకు పుల్లను ఓవెన్‌లో ఎండబెట్టి, వార్నిష్‌లో ముంచి పెట్టాను, ఇప్పటికైతే బాగానే ఉంది. మొదటిదానికి మళ్లీ దుంగ పెట్టలేదు. పుల్ల ఉండగా చల్లిన దుమ్ము చుట్టూ అలాగే ఉండి, అది ఉన్న చోట మాత్రం శుభ్రమైన ఆకుపచ్చ పట్టీ ఒకటి మిగిలింది. పక్కల కట్టు పట్టీల నీడలు కూడా సన్నగా కనిపిస్తాయి. అంత నిజమైన మరక నా చేత్తో ఈ మూడు టాంకుల మీద ఎక్కడా పెట్టలేకపోయాను.